మౌఫ్లాంగ్ అడవి దారులు

షిల్లాంగు పట్టణానికి నైరుతి దిక్కున సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ఖాసీ కొండల పీఠభూమి మీద మౌఫ్లాంగ్ అనే గ్రామం ఉన్నది. ‘మౌ’ అంటే రాయి, ‘ఫ్లాంగ్’ అంటే గడ్డి. అక్కడి నేల ఆ పేరుకు తగినట్టే ఉంటుంది. కనుచూపు మేర పచ్చికబయలు, నడుమ నడుమ నిలువురాళ్ళు, దూరాన పైన్ చెట్ల వరుసలు. ఆ బయలు మీద నడుస్తూ ఉండగా హఠాత్తుగా నల్లని గోడవలె ఒక అడవి అంచు ఎదురవుతుంది. బయలు ముగియడం, అడవి మొదలవడం ఒక్కచోటనే. పొదలు కొంతదూరం పలచగా ఉండి క్రమంగా చిక్కబడడమనేది అక్కడ లేదు. ఒక అడుగు ఎండలో పడితే మరుసటి అడుగు చీకటిలో పడుతుంది. వైశాల్యం 75 హెక్టార్ల పైచిలుకు మాత్రమే. మన డెల్టా జిల్లాలలో ఒకప్పుడు ఒక్కొక్క భూస్వామి వంశం చేతిలో ఇంతకంటె ఎక్కువ మాగాణి ఉండేది. ఐనప్పటికీ ఈ చిన్న అడవిని గురించి వ్రాయబూనితే ఆ కొండల చరిత్ర అంతా తానుగా వచ్చి దారిలో నిలబడుతున్నది.

ఆ అడవి పేరు ‘లా లింగ్డో’. లింగ్డో అంటే పురోహితుడు. ఖాసీల చిన్న చిన్న రాజ్యాలను ‘హిమా’లంటారు, సాధారణంగా ఒక్కొక్క హిమాకు ‘సియెమ్’ అనే నాయకుడుంటాడు. మౌఫ్లాంగ్ వంటి కొన్నిచోట్ల మాత్రం పురోహితుడే అధిపతి. కనుక లా లింగ్డో అన్నప్పుడు అది గుడికి చెందినదా, గద్దెకు చెందినదా అని విడదీసి అడగడం మన అలవాటే గాని వారి అలవాటు కాదు. ప్రభుత్వ అటవీశాఖది కాదు, ఏ ఒక్క గృహస్థుది కాదు. హిమా మొత్తానిది, హిమా తరఫున లింగ్డో వంశమూ, దర్బారూ దానిని కాపాడుతూ వస్తున్నవి.

నేనక్కడికి పోవడానికి ఒక చిన్న తప్పు కారణం. పదేళ్ళ క్రితం ఈశాన్య భారతాన్ని గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ఇటువంటి అడవిని ‘దేవుని తోట’ అని వ్రాశాను. వాక్యం చదవడానికి ఇంపుగా ఉన్నదని నేను సంతోషించినట్టు కూడా జ్ఞాపకం. అచ్చైన తరువాత పార్వతీపురం ప్రాంతం నుండి ఒక బడిపంతులు కార్డు వ్రాశారు. “అయ్యా, తోట అన్న తరువాత కాయ కోయాలి గదా. ఏమీ కోయని చోటును తోట అని ఎట్లా అంటారు?” అని మాత్రమే ప్రశ్న. సమాధానం వ్రాయలేకపోయాను. మాటకు మాట దొరకనప్పుడు నిఘంటువు కంటె ఊరు మేలని పెద్దలు చెబుతారు. ఆ ఊరు చూడడానికి పదేళ్ళు పట్టింది.

అడవి అంచున ఊరివారు నియమించిన యువకులుంటారు. వారిలో ఒకరు వెంట రానిదే లోపలికి పోరాదు. మాతో వచ్చినవాడు పాతికేళ్ళ లోపువాడు. నన్ను ‘బా’ అని పిలిచాడు. అన్న అని అర్థం. పరిచయం లేని పెద్దవారినీ అట్లాగే పిలుస్తారు. స్త్రీలనైతే ‘కోంగ్’ అంటారు, అక్క అన్నమాట. అన్నా, అక్కా అని అపరిచితులను పిలువగలిగిన జాతి ఏదైనా తెలుగువాడికి దగ్గరగానే తోస్తుంది. నియమం ఒక్కటే చెప్పాడు. “లోపలినుండి ఏమీ బయటకు తేకూడదు, బా. పువ్వు గాని, రాయి గాని, ఎండుపుల్ల గాని, ఆకైనా సరే. దాహమైతే నీళ్ళు త్రాగవచ్చు. ఇక్కడ పండు ఇక్కడనే తినవచ్చు. పట్టుకుపోకూడదు.”

దారి మనిషి వెడల్పు. కాలి క్రింద నేల మెత్తగా పరుపువలె దిగుతుంది; ఎన్నడూ ఊడ్వని, ఎన్నడూ పొయ్యిలోకి పోని ఆకులు ఏటికేడు పడి కుళ్ళి అట్లా పేరుకున్నాయి. ఓక్ జాతి చెట్లు, రోడోడెండ్రాన్లు, వాటి మానులను నిలువునా కప్పిన పాచి, పాచిలో వేళ్ళూనిన ఆర్కిడ్లూ ఫెర్న్ మొక్కలూ. రుద్రాక్ష జాతి చెట్టు క్రింద రాలిన కాయలు. మన యాత్రాస్థలాలలో జపమాలలకు గుచ్చి వేలకు వేలు పలికే సరుకు అక్కడ చీమలకు ఆహారమై పడి ఉన్నది. పడిపోయిన మహావృక్షం ఒకటి దారికి అడ్డంగా ఉంటే దానిని తొలగించలేదు. దారే దాని చుట్టూ తిరిగి పోయింది. ఈ సంగతి నా మనసులో నాటుకున్నది. చెట్టు కూలి ఎన్నాళ్ళైందని అడిగితే, “మా అమ్మ చిన్నప్పటి నుండీ అట్లాగే ఉన్నదట” అన్నాడు.

లోపల కొన్నిచోట్ల రాళ్ళు కనిపిస్తాయి. నిలువు రాళ్ళు కొన్ని, వాటి ముందు బల్లపరుపుగా పరచినవి కొన్ని. బయట బయళ్ళలోనూ ఇవే. ఖాసీలు వీటిని ‘మౌబిన్నా’ అంటారు, జ్ఞాపకశిలలు. నిలువు రాయి పురుషుడు, అంటే మేనమామ. పరచిన బల్లరాయి స్త్రీ, అంటే వంశానికి మూలమైన తల్లి. ఖాసీలలో ఆస్తి తల్లి నుండి కూతురికి, అందులోనూ కడగొట్టు కూతురికి, సంక్రమిస్తుంది. వంశం తల్లి పేరున నడుస్తుంది. మాట చెల్లుబాటు మాత్రం మేనమామది. ప్రాచీన దర్బారులలో స్త్రీలకు కూర్చునే హక్కు లేదన్న సంగతి కూడా చెప్పకపోతే చిత్రం అసత్యమవుతుంది. 1897 జూన్ 12న వచ్చిన మహాభూకంపం షిల్లాంగును నేలమట్టం చేసింది. ఈ కొండలలో శిలలు ఎన్నో అప్పుడే పడిపోయాయి. మన దేశంలోనూ కృష్ణ ఒడ్డున ముడుమాల దగ్గర నిలువురాళ్ళున్నాయి. ఊరూరా ‘రాక్షసగుళ్ళు’ అని పిలుచుకునే ప్రాచీన సమాధులున్నాయి. తేడా ఒక్కటే. మనవాటిని పెట్టినవారెవరో మనం మరచిపోయాం గనుక రాక్షసులకు అంటగట్టాం. అక్కడివారికి రాయి ఏ వంశానిదో ఇంకా తెలుసు.

పూజావిధానం ఆ రాళ్ళ వరుసను బట్టే నడిచేది. అడవిలో అడుగు పెట్టగానే మొదటి రాళ్ళ దగ్గర దైవానికి విన్నవించుకోవాలి. తరువాతి మజిలీలో సంభారాలన్నీ సరిచూసుకోవాలి. అక్కడ దాటిన తరువాత మరచిపోయిన వస్తువు కోసం వెనుకకు పోవడం లేదు. చివరి మజిలీలో బలి. అడవి దైవం పేరు లబాసా. ఆ దైవం చిరుతపులి రూపంలో కనిపిస్తే శుభం, పాము రూపంలో కనిపిస్తే అశుభం. సైనికులు ఒకసారి ఎండుకొయ్యలను లారీకి ఎత్తుకుంటే లారీ కదలలేదని, దించిన తరువాతనే కదిలిందని కూడా యువకుడు చెప్పాడు. చరిత్రకారుడుగా దీనికి నేను సాక్ష్యం పలుకలేను. కాని ఒక కథ ఒక అడవికి కంచె కాగలదన్నది కండ్లయెదుటనే ఉన్నది. ఆ 75 హెక్టార్ల చుట్టూ ఇనుపతీగె లేదు.

ఖాసీలకు లిపి లేకపోవడానికి వారే ఒక కథ చెప్పుకుంటారు. భగవంతుడు మైదానపు మనిషికీ కొండ మనిషికీ అక్షరాలు ప్రసాదించాడు. తిరిగి వస్తుండగా ఏరు పొంగింది. మైదానపువాడు తన అక్షరాలను జుట్టుకు కట్టుకొని ఈదాడు. ఖాసీ వాడు నోట కరచుకొని ఈదుతూ ఈదుతూ మింగివేశాడు. నవ్వు పుట్టించే కథే ఐనా ఇందులో ఒక అభిమానం దాగి ఉన్నది: వాడి అక్షరాలు పోలేదు, లోపల ఉన్నాయి. 1841లో వెల్షు మిషనరీ థామస్ జోన్స్ చిరపుంజికి వచ్చి రోమను లిపిలో ఖాసీని వ్రాయడం స్థిరపరచాడు. ఆ లిపిలోనే తరువాత సోసో థామ్ వంటి మహాకవి పుట్టాడు. 1936లో వెలువడిన ఆయన కావ్యం తన జాతి పూర్వదినాలను గానం చేసింది. ఖాసీ భాషకు నేటికీ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. మనలో ఎంతమందికి సోసో థామ్ పేరు తెలుసునన్నది అడుగరాని ప్రశ్న.

ఖాసీ మనకు అంత దూరపు భాష కాదు. ఇది చుట్టుప్రక్కల ఉన్న టిబెటో-బర్మను భాషలకు చెందినది కాదని పండితులు ఎన్నడో గుర్తించారు. 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ ఈ భాషనూ, మోన్, ఖ్మేర్ భాషలనూ, మన దేశపు ముండా భాషలనూ కలిపి ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబమని పేరు పెట్టాడు. ఆ ముండా శాఖకు చెందినదే మన ఉత్తరాంధ్ర కొండల సవరభాష. ఆ సవరభాషను నేర్చి, 1931లో దానికి వ్యాకరణగ్రంథం వెలువరించినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగును అందరం స్మరిస్తాం. కొండవాని భాషను కొండవాని నోటనే నేర్చిన గిడుగును పుట్టినరోజు సభలలో ఒక్క వాక్యంతో దాటివేస్తాం. నాకు కార్డు వ్రాసిన పంతులుగారి ఊరి చుట్టూ ఉన్న కొండలలో వినిపించే సవరమాటకూ, మౌఫ్లాంగ్ అడవిలో నాకు దారి చూపినవాని మాటకూ వేల ఏండ్ల వెనుక ఒకటే ఇల్లు అన్నమాట.

ఇక ఈ అడవి పుట్టుకను గురించి చెప్పే కథ ఉన్నది. పూర్వం ఇక్కడ బ్లా వంశం వారు పెద్దరికం చేసేవారు. పాలన వారికి భారమై, తగిన నాయకుని కోసం వెదికారు. జైంతియా కొండల వైపు నుండి వచ్చిన ఒక స్త్రీని ఆశ్రయించారు. ఆమె మూడు మొక్కలు నాటింది. అవి బ్రతికితే ఆమె కుమారుడు లింగ్డో కావాలన్నది ఒడంబడిక. మొక్కలు బ్రతికినవి. ఆనాటి నుండి లింగ్డో వంశం. చెప్పేవారిని బట్టి ఈ కథలో వివరాలు మారుతుంటాయి గాని మూడు మొక్కలు మాత్రం మారవు. ఇది వినగానే నా పాత తప్పు మళ్ళీ గుర్తుకు వచ్చింది. నాటినదైతే తోటే గదా! పంతులుగారితో వాదించడానికి ఒక ఆధారం దొరికిందని ఒక నిమిషం సంబరపడ్డాను. కాని నాటినవి మూడే; వాటి తరువాత ఎవరూ ఏమీ నాటలేదు, కోయలేదు. మూడు మొక్కలూ అధికారానికి సాక్ష్యంగా నాటినవి, ఫలానికి కాదు.

దీనికి సరిగా ఎదురుగా మరొక ఖాసీ కథ ఉన్నది. డియెంగ్యేయ్ కొండ మీద ఒక మహావృక్షం పెరిగి, దాని నీడ లోకమంతా కమ్మి, పంటలు పండకుండా పోయాయి. మనుష్యులు దానిని నరకడానికి పూనుకున్నారు. పగలంతా నరికి ఇంటికి పోతే తెల్లవారేసరికి గాటు పూడిపోయి ఉండేది. కారణం తెలియక వారు దిగులుపడుతుంటే ఫ్రెయిట్ అనే చిన్నపిట్ట రహస్యం చెప్పింది: రాత్రివేళ పులి వచ్చి ఆ గాయాన్ని నాకి మాన్పుతున్నది. అప్పుడు వారు గొడ్డళ్ళను పదును బయటికి ఉండేటట్టు గాటులోనే వదలిపోయారు. పులి నాలుక తెగి పారిపోయింది, చెట్టు కూలింది, లోకానికి వెలుగు వచ్చింది. చెట్టు నరకడమే నాగరికతకు ఆరంభమని చెప్పే కథను తరతరాలుగా చెప్పుకున్న జనమే, ఆకైనా కోయరాదనే అడవిని కూడా నిలుపుకున్నారు. ఒక కథలో చెట్టు గాయం మాన్పినందుకు నాలుక తెగిన పులి, రెండవచోట అడవికి దైవమై కూర్చున్నది. రెండింటినీ ముడివేసి సిద్ధాంతం చేయడానికి నాకు ధైర్యం చాలదు గాని, ఈ రెండు కథలనూ ఒక్కచోట చదువుకోకపోతే ఖాసీల మనసు సగమే తెలుస్తుంది.

అడవిలోపలి దారి ఎక్కడికీ చేర్చదు. తిరిగి తిరిగి మళ్ళీ బయలులోకే తెస్తుంది. కాని అదే మౌఫ్లాంగ్ దగ్గర మరొక దారి మొదలవుతుంది. నేడు దానిని డేవిడ్ స్కాట్ దారి అంటారు. లాడ్ మౌఫ్లాంగ్ వరకు సుమారు 16 కిలోమీటర్లు సెలవుదినాలలో యువతీయువకులు సంచులు వీపున వేసుకొని నడుస్తారు. ఆ దారి చరిత్ర వేరు. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధితో బర్మా యుద్ధం ముగిసి, అస్సాం ఈస్టిండియా కంపెనీ వశమైంది. సిల్హెట్ అంతకుముందే వారిది. ఈ రెంటి నడుమ స్వతంత్రమైన ఖాసీ కొండలు అడ్డంగా ఉన్నాయి; చుట్టూ తిరిగి పోవాలంటే వారాల తరబడి ప్రయాణం. గవర్నర్ జనరలుకు ఈశాన్య సరిహద్దున ఏజెంటుగా ఉన్న డేవిడ్ స్కాట్, నోంగ్‌ఖ్లావ్ హిమా సియెమ్ ఐన తిరోత్ సింగ్‌ను కొండల మీదుగా దారి ఇమ్మని అడిగాడు.

తిరోత్ సింగ్ తనంత తాను ఔననలేదు. అనే అధికారం ఆయనకు లేదు. దర్బారు పిలిచాడు. రెండు దినాలు చర్చ జరిగింది. కూడినవారు ఒకరి తరువాత ఒకరు లేచి మాట్లాడిన తీరు, ఒకరినొకరు అడ్డుకొనని మర్యాద, చూచిన ఆంగ్లేయులకు ఆశ్చర్యం కలిగించినట్టు వారి వ్రాతలే చెబుతున్నవి. చివరకు దారికి సమ్మతించారు. బదులుగా మైదానంలో తిరోత్ సింగ్‌కు ఉన్న భూముల విషయంలో సాయం చేస్తామని కంపెనీ మాట. నోంగ్‌ఖ్లావ్‌లో బంగళా లేచింది, దారిపని సాగింది. మైదానపు తగాదాలో మాత్రం ఆశించిన సాయం రాలేదు. అస్సాంలో సైనికులను పోగుచేస్తున్నారన్న వార్త వచ్చింది. దారి పూర్తి కాగానే మీరు కూడా పన్ను కట్టవలసినవారే అని ఒక చప్రాసీ నోరుజారాడు. 1829 ఏప్రిల్ 4న ఖాసీలు నోంగ్‌ఖ్లావ్ బంగళా మీద పడ్డారు. బెడింగ్‌ఫీల్డ్, బర్ల్‌టన్ అనే లెఫ్టినెంట్లిద్దరూ హతులైనారు. స్కాట్ అంతకుముందే చిరపుంజికి తరలిపోయి ప్రాణాలు దక్కించుకున్నాడు.

తరువాత నాలుగేండ్లు కొండలలో యుద్ధం నడిచింది. ఒక ప్రక్క తుపాకులు, మరొక ప్రక్క విల్లంబులు, కత్తి, డాలు. 1831 ఆగస్టులో స్కాట్ చిరపుంజిలోనే జబ్బుతో కన్నుమూశాడు. తాను వేయించిన దారి నిర్విఘ్నంగా సాగడం చూడలేదు. 1833 జనవరిలో తిరోత్ సింగ్ పట్టుబడి ఢాకాకు ప్రవాసం పంపబడ్డాడు. 1835 జూలై 17న అక్కడనే మరణించాడు. మేఘాలయలో ఆ దినాన్ని ఏటేటా పాటిస్తారు.

అనువాదకుడుగా ఈ కథలో నన్ను కలచేది యుద్ధం కంటె ఆ రెండు దినాల దర్బారు. సంప్రదింపులు దుబాసీల నోటి మీదుగానే జరిగి ఉండాలి. స్కాట్ అడిగిన మాట ‘దారి’. ఖాసీలు ఇచ్చిన మాటా ‘దారి’. కొండవాని భాషలో దారి ఇవ్వడమంటే అతిథిని తన నేల మీదుగా నడవనివ్వడం. కంపెనీ భాషలో దారి అంటే దాని మీద ముందుగా సిపాయి, వెనుక పన్ను. ఇది నా ఊహయే. ఐనా మాటలు మార్చే పనిలో ముప్పై ఏండ్లుగా ఉన్నవాడి ఊహ. ఆ చప్రాసీ చేసినది తప్పు అనువాదమా, సరియైన అనువాదమా? కంపెనీ మనసులోని అర్థాన్ని తేటగా చెప్పినవాడు ఆ మొత్తం వ్యవహారంలో వాడొక్కడే కాబోలు.

మన తూర్పు కనుమలలోనూ ఇటువంటి దారి ఒకటి ఉన్నది. 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంవాసుల పోడునూ, పశువుల మేపునూ కట్టడి చేసింది. ఆపైన గూడెం ప్రాంతంలో ఘాటురోడ్డు పనులకు నామమాత్రపు కూలికి జనాన్ని తోలి పని చేయించిన డిప్యూటీ తహసీలుదారు బాస్టియను ఆగడాలు తోడైనవి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీదికి వెళ్ళడానికి వెనుక ఉన్న కారణాలలో ఆ రోడ్డు ఒకటి. 1829కీ 1922కీ తొంభై మూడేండ్లు; నోంగ్‌ఖ్లావ్‌కూ చింతపల్లికీ వందల క్రోసులు. మన కవులు రాజుగారిని గానం చేసినంతగా ఆ రోడ్డును గురించి వ్రాయలేదు. వ్రాయవలసినది.

దారి పడిన తరువాత దాని వెంట ఎవరెవరు వచ్చారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలును. 1850లో సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ ఈ కొండలలో నెలల తరబడి తిరిగాడు. ఆయన పాండిత్యం పట్ల నాకు గౌరవమే. ఓక్ చెట్ల మీద విరగబూసిన నీలి వాండా ఆర్కిడ్లను చూచి పరవశించి, లండనులోని క్యూ ఉద్యానానికై ఏడుగురు కూలీలు మోయగలిగినన్ని మొక్కలు కోయించినట్టు తన యాత్రాగ్రంథంలో తానే వ్రాశాడు. వాటిలో ఇంగ్లండుకు ప్రాణంతో చేరినవి కొద్ది మాత్రమే. ఆ తావు చూచి రమ్మని తన తోటమాలిని పంపిన మరొక పెద్దమనిషి ఒక కూలీ మోసినన్ని మొక్కలు పంపితే, వాడిపోయిన స్థితిలో కూడా 300 పౌనులకు అమ్ముడుపోయాయట. వాండా అన్నది మన సంస్కృతపు మాటయే. చెట్టు మీద పెరిగే మొక్కకు పేరు. మాటను తీసుకున్నారు, మొక్కనూ తీసుకున్నారు. ఆకైనా తేరాదన్న కట్టడిని మూఢనమ్మకమని కొట్టివేసే విద్యాధికులు ఆ ఏడు బరువుల లెక్కను కూడా ఒకసారి చూడడం మంచిది.

ఐతే, ఖాసీలందరూ సహజంగా అడవికి భక్తులని వ్రాస్తే అది మరొక అబద్ధం. ఆ పీఠభూమి అంత బోసిగా ఎందుకున్నది? శతాబ్దాల తరబడి ఖాసీలు ఇనుము కరగించిన నేల అది. సుమారు 2000 సంవత్సరాల నాటి కొలిముల ఆనవాళ్ళు దొరికాయి. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్టు కావాలి. మన కాలంలో కలప వ్యాపారం వచ్చింది. మేఘాలయలో అడవి అధికభాగం వంశాలదీ గ్రామాలదీ వ్యక్తులదీ గనుక, యజమానులే నరికి లారీలకెత్తారు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తరువు వచ్చేదాకా ఆ వేగం తగ్గలేదు. ఉమ్మడి ఆస్తి ఐనంత మాత్రాన చెట్టు బ్రతకదు. ఉమ్మడి అన్న మాట నీడన కొందరు పెద్దమనుషులు స్వంతం చేసుకోవడం మన ఊళ్ళ చెరువు పోరంబోకులలో చూడనిదా!

ఆ సంగతి ఖాసీలకు తెలుసు. అందుకే వారి భాషలో అడవికి ఒక్క పేరు చాలలేదు. రాజ్యాంగం ఆరవ షెడ్యూలు క్రింద ఏర్పడిన జిల్లా కౌన్సిలు 1958లో ఒక అటవీ చట్టం చేసింది. దానిలో ఈ పేర్లన్నీ ఎక్కినవి. ఒక వ్యక్తి పెంచుకున్నది లా రి సుమార్. ఊరిది లా ష్నోంగ్. నీటి కోసమూ మరి ఇతర హితాల కోసమూ నరకరాదని కట్టడి చేసినది లా అడోంగ్. మతకార్యాలకు విడిచినవి లా లింగ్డో, లా కింటాంగ్, లా నియామ్. ఇన్ని మాటలు ఒక చట్టంలో నిలవడం నాకు అపురూపంగా తోచింది. మన శాసనాలలో ‘అడవి’ అన్న మాట ‘రిజర్వు’ అనే విశేషణం తగిలించుకొని ఆఫీసు భాషగా మారిపోయింది. వారి చట్టం ఊరిభాషను లోపలికి రానిచ్చింది.

నేడు మౌఫ్లాంగ్ పరిసరాలలో ఎక్కువమంది క్రైస్తవులు. ప్రాచీన ధర్మాన్ని నిలుపుకోవాలని 1899 నవంబరు 23న పదహారుగురు యువకులు షిల్లాంగులో సెంగ్ ఖాసీ సంస్థను స్థాపించారు. వారి మార్గంలో నడిచేవారు ఇప్పటికీ ఉన్నారు. మా దారి చూపిన యువకుడు ఆదివారం చర్చికి పోతాడు. లబాసాను నమ్ముతావా అని అడుగబోయి మానుకున్నాను. అతడే చెప్పాడు: “నమ్మినా నమ్మకపోయినా ఆకు తేకూడదు గదా, బా.” పది హిమాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి, సుమారు 27 వేల హెక్టార్లలో అడవిని తిరిగి పెంచే పని చేస్తున్నవని, చెట్లు పీల్చుకునే బొగ్గుపులుసు గాలికి విదేశాలలో వెల కట్టి డబ్బు పంపే ఏర్పాటు 2013 ప్రాంతం నుండి ఉన్నదని కూడా అక్కడివారు చెప్పారు. ఆకుకు వెల కట్టరాదన్న చోట గాలికి వెల కట్టడం వింతగానే ఉన్నది. కాని ఆ డబ్బుతో పొయ్యిలు మారి, కట్టెలు కొట్టే పని తగ్గుతున్నదంటే ఎగతాళి చేయడానికి నాకు నోరు రాలేదు.

మాట సంగతి ఇంకా తేలలేదు. కొడగులో దేవరకాడు అంటారు. మహారాష్ట్రంలో దేవరాయి. కేరళంలో కావు. రాజస్థాన్‌లో ఓరణ్. జార్ఖండ్‌లో సర్నా. ప్రతి భాషలోనూ ఇటువంటి చోటుకు స్వంతమైన మాట ఉన్నది. మనకు లేదా? గ్రామదేవత చెట్టు ఉన్నది, గుడిమాన్యం ఉన్నది; గుంపుగా పెరిగిన, చేయి వేయరాని చిట్టడవికి తెలుగుదేశమంతటా చెల్లే మాట నా ఎరుకలో లేదు. తపోవనమందామా అంటే అది కణ్వమహర్షి వంటివారిది. ఇక్కడ తపస్వి లేడు, ఉన్నది ఊరు. మాట లేకపోవడానికి వస్తువు పోవడమే కారణమా, లేక మన్యం పల్లెలలో మాట ఉండి, నిఘంటువు కూర్చినవారు అంతదూరం నడవలేదా? రెండవదే నిజమై ఉండవచ్చునని నా అనుమానం. సవర, గదబ, కొండదొర పల్లెలలో తిరిగేవారు ఎవరైనా ఆ మాటను పట్టి పంపితే, గిడుగువారి బాకీలో ఒక పైస తీర్చినవారవుతారు.

అడవి నుండి బయటపడే చోట యువకుడు నవ్వుతూ నా శాలువా చెంగు పట్టి ఆపాడు. చెంగుకు అంటుకొని చిన్న ముల్లుకాయ ఒకటి ఉన్నది. మన పల్లేరు వంటిది, పశువుల బొచ్చుకు పట్టుకొని ఊళ్ళు తిరిగేది. నేను తీయబోతే వద్దని తానే జాగ్రత్తగా ఊడబెరికి, నాలుగడుగులు వెనుకకు నడచి, చెట్ల క్రింద వదలివచ్చాడు. ఇంతలో వాన అందుకున్నది. ఎదుటి గుడిసెలో ఒక కోంగ్ పాలు లేని ఎర్రటి తేనీరు కాస్తున్నది. వాన వెలిసేదాకా అక్కడనే కూర్చున్నాం. లేచి సెలవు తీసుకుంటుండగా ఆమె “ఖుబ్లేయ్” అన్నది. నమస్కారానికీ, కృతజ్ఞతకూ, వీడ్కోలుకూ వారికి అదే మాట. దానిని తెలుగులో ఎట్లా చెప్పాలో కూడా నాకు తెలియలేదు.